నాగావళి కాలువ క్రింద ఒక వరిమడి

యాత్ర యనగనే మనకు దేవాలయములు, పుష్కరిణులు, ప్రసాదములు జ్ఞప్తికి వచ్చును. అరసవిల్లి సూర్యనారాయణస్వామిని, శ్రీకూర్మనాథుని సేవించివచ్చి ఆ విశేషములు వ్రాసిన సోదరీమణులు పెక్కుమంది కలరు. మేమును ఆ క్షేత్రములు చూచినవారమే. కాని కడచిన దసరా సెలవులలో మేము చేసిన ప్రయాణము ఒక వరిమడి నడుమవరకే. పిక్కలలోతు బురదలో దిగి, నడుము వంచి, వరిదుబ్బుల మొదళ్లు చూచి వచ్చితిమి. ఇందులో వ్రాయదగిన దేమున్నదని మా వారు నవ్విరి. ఆ మడిలో కనబడినది నేటికిని మా మనస్సును విడువకున్నది గనుక వ్రాయుచున్నాము.

మాది విజయనగరము. మా వారు పాఠశాలలో ఉపాధ్యాయులు. వారి అక్కగారిని శ్రీకాకుళము జిల్లాలో నాగావళి కాలువ క్రింది పల్లె కిచ్చిరి. నారాయణపురము ఆనకట్టయొద్ద మళ్లిన నీరే ఆ కాలువలో పారును. వదినగారికి మూడెకరముల పల్లపుభూమి కలదు. అందు పండిన ధాన్యము ఇంటి తిండికి, మిగిలినది అమ్మగా వచ్చినది మేనకోడలి చదువునకు. నవరాత్రులలో అక్కడికి వెళ్లి, పైడితల్లి అమ్మవారి సిరిమానునాటికి మరల ఇల్లు చేరవలెనని బయలుదేరితిమి.

రైలుబండిలో కిటికీ ప్రక్కన కూర్చున్నచో రెండు జిల్లాల సేద్యము కన్నులయెదుట నడచిపోవును. నెల్లిమర్ల దాటి గరివిడి, చీపురుపల్లి సమీపించుకొలది ఎఱ్ఱనేల మెట్టలు కనబడును. వానిలో గోగు నిలువెత్తు పెరిగి తలలూపుచుండెను. చోళ్లచేలు, నడుమనడుమ మొక్కజొన్న. మొక్కజొన్నను చూడగనే మా వారు కత్తెరపురుగు మాట ఎత్తిరి. అమెరికా ఖండమున పుట్టిన ఆ పురుగు మన దేశమున 2018లో కర్ణాటకమున తొలుత కానవచ్చి, అనతికాలముననే ఆంధ్రదేశమునకును ప్రాకెను. దాని తల్లి రెక్కలపురుగు. నూరు రెండువందల గ్రుడ్లను ఒక్క ఆకుమీద కుప్పగా పెట్టి, పైన నూగు కప్పి, తన దారిని తాను పోవునట. పొదిగిన పిల్లలు సన్నని పోగు వదలి, గాలికి వ్రేలాడుచు ప్రక్క మొక్కలకు చేరును. కనుక మొదటి దినములలో చేనంతయు నిక్షేపముగా నుండును. ఏదో యొక మూల నాలుగైదు మొక్కల ఆకులు మాత్రము గీకినట్లుండును. “ఆ నాలుగు మొక్కలు కంటబడిన రైతు బ్రదికినాడు” అనిరి. ఆ మాట మేమప్పుడు చెవిని పెట్టలేదు. పొందూరు వచ్చుచుండెను. వాలుగచేప దవడయెముకతో పత్తి దువ్వి తీయు అక్కడి సన్ననూలును, ఆ ఖద్దరు చీరలను తలపోయుచు కూర్చుంటిమి. పిదప దూసి, నాగావళి వంతెన, శ్రీకాకుళము రోడ్డు స్టేషను; అక్కడినుండి ఆటోబండిలో పల్లె చేరితిమి.

మేము చేరునప్పటికి ఆ యింట పండుగకళ లేదు. కారణము నిరుటి సంగతి. నిరుడు ఆశ్వయుజమంతయు అన్నయ్యగారు ప్రతియుదయమును గట్లవెంబడి తిరిగి, చేను పచ్చగా నున్నదని సంతసించి వచ్చెడివారట. కార్తీకమున ఒకనాడు తాటికమ్మలు కొట్టుటకు చెట్టెక్కినవాడొకడు పైనుండి కేకవేసి, చేను నడుమ ఎండుగడ్డి రంగున గుండ్రని మచ్చ యున్నదని చెప్పెను. పోయి చూచునప్పటికి ఒకటి కాదు, మూడు. దినదినమును పెరిగి అవి యొకదానితో నొకటి కలిసికొని, ఇరువదియైదు సెంట్ల మేర నిప్పుతో కాల్చినట్లు పడిపోయెను. దీనిని సుడిదోమ యందురు; దోమపోటనియు అందురు. చేను సుడులు సుడులుగా ఎండుటచేతనే ఆ పేరు వచ్చినది.

ఈసారి మోసపోరాదని అన్నయ్యగారు ముందుగనే పట్నములో ఒక మందుల దుకాణమున కేగిరి. ఆ దుకాణదారుడు రెండు మందులు కలిపి మూడెకరములకును రెండు పర్యాయములు కొట్టుమని చెప్పెను. దాని వెల విని వదినగారు మెడలోని రెండుపేటల గొలుసు తీసి భర్త చేతిలో పెట్టిరి. ఆ గొలుసు మేనకోడలి కళాశాల రుసుమునకై ఉంచుకొన్నది. బ్యాంకులో కుదువబెట్టుటకు మరునాడు పోవలెననుకొనిరి. మేమా సాయంకాలమే వారింట దిగితిమి.

కలుపుతీతకు వచ్చు ముసలమ్మ యొకతె అరుగుమీద కూర్చుండి చోడి అంబలి త్రాగుచుండెను. ఈ మాటలన్నియు విని, గిన్నె క్రింద పెట్టి యామె యనినది:

“ఓలమ్మా, గట్టుమీద నిల్సుంటే ఏటి అవుపిస్తాది? మడి నడిమికి దిగాల. నిరుడు ఆకరి కలుపుకెళ్లినప్పుడే నాను సూసినాను. దుబ్బు కదిపితే దోమ పొట్టునాగ రాలీది.”

“మరి అప్పుడే చెప్పలేదేమి?” అని వదినగారడిగిరి.

“నన్నెవులడిగినారు తల్లీ?”

ఎవ్వరును మాటాడలేదు. అన్నయ్యగారు లేచి లోనికి పోయిరి.

మరునాటి యుదయము వదినగారు, మేము, ఆ ముసలమ్మ, ముగ్గురమును కుచ్చెళ్లు ఎగజెక్కి మడిలో దిగితిమి. వరి పొట్టమీద నుండెను. గట్టునుండి పది బారలవరకు దుబ్బులు నిర్మలముగా నున్నవి. దుబ్బు మొదట చేతితో తట్టిన సాలీడొకటి, పచ్చని నల్లి యొకటి రెండు పరుగెత్తినవి. అవి మేలుచేయు పురుగులేయట, దోమను, దాని గ్రుడ్లను తినునట. ఇంకను లోనికి పోయితిమి. అక్కడ గాలి లేదు. ఆకులు పైన ఒకదానిపై నొకటి కమ్ముకొని క్రింద చీకటిగా నుండెను. నీరు గోరువెచ్చగా తగిలెను. ముసలమ్మ ఒక దుబ్బు తట్టినది. నీటిమీద నువ్వుగింజలు చల్లినట్లయ్యెను. ఆ గింజలు బ్రదికియున్నవి! గోధుమవన్నెగా, ప్రక్కకు ప్రక్కకు పరుగెత్తుచు మరల దుబ్బు నెక్కుచున్నవి. ముప్పది, నలుబది దాక లెక్కించి మానితిమి. పై ఆకులు మాత్రము పట్టువలె పచ్చగా నున్నవి. అక్కడికి పదియడుగుల దూరమున దుబ్బునకు మూడో నాలుగో. ఆవల మరల ఏమియు లేదు. మధ్యాహ్నమువరకు మూడెకరములును మూలనుండి మూలకు నడచి, దారిలో విడివిడిగా దుబ్బులు తట్టి చూచితిమి. దోమ దట్టముగా నున్నచోట్లు మూడు మాత్రమే. ముసలమ్మ ఆ మూడుచోట్లను కఱ్ఱలు పాతి ఎఱ్ఱగుడ్డ పేలికలు కట్టినది.

సచివాలయమునుండి వ్యవసాయ సహాయకురాలు వచ్చినది. చిన్నపిల్ల, మా మేనకోడలికన్న నాలుగేండ్లు పెద్దదేమో. బురదయని వెనుదీయక మడిలోనికి వచ్చి, మా పేలికలు చూచి మెచ్చుకొన్నది. దోమ నడుమనే యేల చేరును అని యడుగగా చక్కగా చెప్పినది. గట్టుప్రక్కన ఎండయు గాలియు తగులును. గట్టుగడ్డిలో సాలీళ్లు కాపురముండును. నడుమనో నీడ, చెమ్మ, వెచ్చదనము. నీరు నిలుచు పల్లములందును, యూరియా ఎక్కువపడి దుబ్బు మెత్తగా బలిసినచోటను దానికి మరింత సుఖము. పెంటిదోమలలో కొన్నిటికి రెక్కలు కుఱుచ; అవి యెగురలేవు. పుట్టినచోటనే ఆకుతొడిమలో గ్రుడ్లు పెట్టును, పిల్లలును ఆ ప్రక్కదుబ్బులకే చేరును. నెలదినములు తిరుగకముందే ఆ పిల్లలు తల్లులగును. కనుక చెఱువులో రాయి వేసిన అలవలె గుండ్రముగా పెరుగును. ఇక త్రాగుటకు రసము చాలక క్రిక్కిరిసినప్పుడు నిడుదరెక్కలవి పుట్టి ఎగిరిపోవును. చేను ఎండుచున్నదని మనము గుర్తించునాటికి అవి సగము పయనమై పోయియుండును.

ఇది వినుచుండగా మాకొక ఇంటిసంగతి తోచినది. పిల్లల తలలో పేలు చూచు తల్లి పాపటలో వెదకునా? చెవుల వెనుకను, మెడపైని కుదుళ్లలోను వెదకును. ప్రతి క్రిమికి నొక గద్దె యుండును. మన కందఱకు తెలిసిన ఈ సంగతిని మడియొద్దకు పోగనే మఱచితిమి. గట్టు నడచుటకు ఏర్పడినది గనుక గట్టునుండియే చూచుచున్నాము.

పూర్వులు సేద్యమునకు ఈతిబాధలను లెక్కించినప్పుడు అతివృష్టి, అనావృష్టితో పాటు మిడుతలను, ఎలుకలను, చిలుకలను చేర్చిరి. అవి కంటికి కనబడు శత్రువులు. వానిలోను ఎలుక మాత్రము దోమవంటిదే. గట్టుప్రక్క వరుసలు కొన్ని విడిచి నడిమిచేను కొట్టును గనుక బయటికి తెలియదు. తక్కినవాని తీరులు వేఱు. ఆకుముడత పురుగునకు చెట్టునీడ ప్రీతి. దండుపురుగు ప్రక్కచేనునుండి సేనవలె వచ్చును గనుక మొదట అంచులే పోవును. కంపునల్లి గట్టుమీది గడ్డిలో కాచుకొనియుండి, పాలుపోసుకొను గింజకై వచ్చును; ఊరందఱికన్న ముందుగా ఈనిన చేనికే మొదటి పోటు. ఇట్లు ఒక్క మడిలోనే ఒక్కొక్క పురుగునకు ఒక్కొక్క పేట.

ఆ రాత్రి మా వారు గణితముతో తగులుకొనిరి. “పదిదుబ్బులలో తొమ్మిదింట ఏమియు లేక పదవదానిలో నూఱున్నచో సగటు పది. అన్నిటను పదేసి యున్నను సగటు పదియే. కాని ఈ రెండు చేలు ఒకటియా?” అనిరి. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనాలయమున టైలరను శాస్త్రజ్ఞుడు 1961లో నానావిధ జీవుల లెక్కలు ముందుంచుకొని, సగటు పెరిగినకొలది వాని గుంపుకట్టు ఎట్లు పెరుగునో ఒక సూత్రమున నిరూపించెనట. గుంపుకట్టు పురుగును లెక్కించుటకు ఎక్కువచోట్ల చూడవలెను, ఒక్కచోటనే ఎక్కువసేపు చూచిన లాభము లేదని దాని ఫలితము. అన్నయ్యగారు సూత్రమును శ్రద్ధగా విని, “ఇంతకును మందు కొట్టుటయా, మానుటయా?” అనిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే.

దేశములోనైనను పురుగు అన్నిచోట్ల సమముగా నుండదు. ఈ ఉత్తరపు జిల్లాలకు ఉల్లికోడు చిరకాలపు చుట్టము. దోమవంటి చిన్న యీగ ఆకుమీద గ్రుడ్డు పెట్టగా, దాని పిల్ల మొవ్వులోనికి దిగి పిలకను ఉల్లికాడవలె బోలుగొట్టముగా మార్చివేయును. ఆ పిలక ఈనదు. దీనికి లొంగని ఫల్గుణ యను వరివంగడమును కోస్తా జిల్లాలలో విస్తారముగా నాటిరి. 1986 ప్రాంతమున శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాలలో ఆ ఫల్గుణకును ఉల్లికోడు పట్టెను. ఆ వరిని జయించు క్రొత్త తెగ పురుగులో పుట్టినదని శాస్త్రజ్ఞులు తేల్చి, దానికి నాలుగవ తెగ యని పేరిడిరి. ఒక్కచోట ఒక్కటే వంగడము చాలకాలము నాటిన నిట్లగును. శ్రీకాకుళము చేరువనున్న రాగోలు వ్యవసాయ పరిశోధనా స్థానమువంటి చోట్ల ఈ ప్రాంతపు వరిని ఇక్కడి పురుగులయెదుటనే పరీక్షించుట అందులకే.

సుడిదోమకు సముద్రములును అడ్డుగావు. జపానుదేశపు చలికి అది బ్రదుకలేదు. ఏటేట చైనా దిక్కునుండి గాలివాటున సముద్రము దాటి వచ్చును. 1732లో ఆ దేశపు పడమటిభాగమున వచ్చిన మహాక్షామమునకు ఈ జాతి దోమలే కారణము. అవి యెక్కడినుండి వచ్చుచున్నవో చాలకాలము సంశయముగనే యుండెను. 1967లో నడిసముద్రమున వాతావరణము కనిపెట్టుచుండిన జపాను ఓడపై ఈ దోమలు మందలుగా వాలుటచే వాని ప్రయాణము రూఢియైనది. అంతటి సముద్రము దాటినదియు, మడిలో దిగిన తరువాత ఒక్క మూల చేరి గుంపుకట్టుట చూడగా మాకు ఆశ్చర్యముగా నున్నది.

ఇక అన్నయ్యగారి ప్రశ్న. చేనంతయు మందు కొట్టిన నష్టమేమి? సహాయకురాలు చెప్పిన దిది: పైనుండి చల్లిన మందు ఆకులమీదనే నిలుచును, మొదట నున్న దోమకు తగులదు, సాలీళ్లు, పచ్చనల్లులు మాత్రము చచ్చును. ఆపై దోమ కాపలాలేని కొట్టులో దొంగవలె పెరుగును. పైరెత్రాయిడు జాతి మందులు కొట్టినచో దోమ తగ్గుటకు మాఱు ఎక్కువగుటయు కలదు. ఇండొనేషియాలో ఈ సంకటమే దేశమంతటను వచ్చుటచే, 1986లో అక్కడి ప్రభుత్వము వరిపై 57 రకముల పురుగుమందులను నిషేధించెను. మా దుకాణదారుడు చెప్పిన రెండు మందులలో ఒకటి పైరెత్రాయిడేనని సీసా కాగితము చదివి ఆ పిల్ల చూపినది.

ఆమె సలహా యిది. మదుము మూసి, గండి కొట్టి, మడినీరు మూడు నాలుగు దినములు తీసివేయుట. రెండు మీటర్ల కొకచోట దుబ్బులను రెండుప్రక్కలకు ఒత్తి పాయలు తీసి, మొదళ్లకు గాలియు వెలుతురును తగులనిచ్చుట. పేలికలు కట్టిన మూడుచోట్లను, వాని చుట్టు నాలుగైదు బారల మేరను మాత్రమే, దోమకు తగిన ఒక్కమందు దుబ్బుల మొదళ్లు తడియునట్లు కొట్టుట. మిగిలినచోట్ల దుబ్బునకు పది, పదునైదు మించువరకు చేయి పెట్టకుండుట.

అన్నయ్యగారు ఒప్పుకొనలేదు. “నిరుడు పోయినది మీ చేను కాదు గదా” అని యొక్కమాట అనిరి. మాకు సమాధానము దొరకలేదు. వదినగారే, “నిరుడు గట్టుమీద తిరిగి పోగొట్టితిరి. ఈసారి మడిలో దిగి చూచినవారము మేము” అని గొలుసు మరల మెడలో వేసికొనిరి. అంతటితో తీర్పయ్యెను. కాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేము లెక్కించినది ఒక్క పూట. నాలుగవ సుడి యొకటి మా కంటబడక మిగిలియున్నచో? పురాణములలో పద్మవ్యూహమున దూరుట తెలిసి వెడలుట తెలియని బాలుని కథ ఎన్నిమార్లు చదివితిమో, ఆ రాత్రి అదియే జ్ఞప్తికి వచ్చుచుండెను.

మాకు కలిగిన భయము కొంత నిజమే యయ్యెను. మేము విజయనగరము చేరిన పదవనాడు వదినగారు ఫోనులో నాలుగవచోట దోమ కనబడినదని చెప్పిరి. మా నడకకు అందని ఈశాన్యపు పల్లములోనట. మూడునాళ్ల కొకసారి ఆమెయు ముసలమ్మయు మడిలో దిగి చూచుచుండుటచే దొరికినది. అప్పటికే కొంత ఆలస్యమయ్యెను. అక్కడ రెండు నులకమంచములంత మేర ఎండిపోయినది. తక్కిన మూడెకరములును నిలిచినవి. మార్గశిరమున కోత కోసి, పుష్యమున నూర్చిరి. సంక్రాంతికి మా యింటికి ఒక బస్తా క్రొత్తబియ్యము వచ్చినది. మేనకోడలి రుసుము ధాన్యపుసొమ్ముతోనే కట్టిరి.

ముసలమ్మకు చూపుకూలి యని వదినగారు ప్రతిసారి సగముపూట కూలి యిచ్చుచున్నారు. చూచుటకు కూలి యేమిటని అన్నయ్యగారు మొదట సణిగిరట. ఇప్పుడు ఇరుగుపొరుగు కాపులు ఆమెను పిలుచుకొని పోవుచుండగా, మా మడికే ముందు రావలెనని వారే కబురు పంపుచున్నారట. ఈ యేడు ఉభాలనాడు వదినగారు త్రాడు పట్టించి, రెండు మీటర్ల కొకచోట జేనెడు వెడల్పున కాలిబాటలు విడిపించిరి. ఆ బాటలకు పోయిన దుబ్బు లెన్నియో అన్నయ్యగారు నేటికిని లెక్క చెప్పుచునే యున్నారు.